పదిహేనుకి పదమూడు

మా రేవులో పొద్దు పొడవదు,
పొగమంచు పలచబడుతుంది, అంతే.
వాల్విస్ బేలో ఓడ కూత వినిపిస్తే
ఆరున్నర అయిందని లెక్క.

చేపల ఫ్యాక్టరీ గేటు దగ్గర
అద్దాల గదిలో నా కుర్చీ.
వచ్చినవాళ్ల నంబరూ, వచ్చిన నిమిషమూ రాసుకుంటాను.
పేర్లు రాయడానికి గడిలో చోటు లేదు.

సాయంత్రం ఆరింటికి
అవే వేళ్లతో ఇంకో పుస్తకం తెరుస్తాను:
బిజినెస్ డిగ్రీ, రెండో ఏడు, హెచ్.ఆర్. స్పెషలైజేషన్.
నిమ్మచెక్కతో ఎంత రుద్దినా
మూడో అధ్యాయం దాకా నీచు వాసన వదలదు.
పక్క బెంచీ టుయోలేని ముక్కు మూసుకోదు.
ఆమెది ఆస్పత్రి లాండ్రీ, ఆమె వాసన ఆమెకుంది.

మానవ వనరులు అన్న మాట దగ్గర
మొదటి వారమే ఆగిపోయాను.
ఉప్పు మడి వనరు. హేక్ చేప వనరు,
ఏటా ఎన్ని టన్నులు పట్టొచ్చో సర్కారు కాగితమిస్తుంది.
మరి మా అమ్మ?
ఇరవై రెండేళ్లు కత్తి పట్టి ముళ్లు తీసింది,
కుడి బొటనవేలు ఇప్పుడు గుండీ కూడా పెట్టుకోనివ్వదు.
ఆమెకి ఏ కాగితం ఉందోనని పుస్తకం వెనక వెతికాను.
"తరుగుదల" అని కనిపించింది.
తీసి చూస్తే, యంత్రాల గురించి.

ఆ మాట అడిగితే బ్యూకెస్ మేడమ్ నవ్వలేదు.
సుద్దముక్క కింద పెట్టి
"ప్రశ్న రాసి ఉంచుకో, జవాబు నా దగ్గర లేదు" అంది.
తర్వాత బోర్డు మీద జీతాల నిచ్చెన గీసింది, అయిదు మెట్లు.
నా నోట్సులో మొదటి మెట్టు కింద
నేల కూడా గీసుకున్నాను.

చదువు బాగానే ఎక్కింది. ఎంత బాగా అంటే
చెల్లెలు గిన్నెలు కడక్కపోతే
"నీ పనితీరు సమీక్షిద్దాం, రా" అనేదాకా.
అమ్మ గరిటె చూపించింది.

పరీక్షలో ఆఖరి ప్రశ్న, పదిహేను మార్కులు:
ఒక కార్మికుడు మూడు నెలల్లో పదకొండుసార్లు
ఆలస్యంగా వచ్చాడు. మీరు తీసుకునే చర్యలను క్రమంగా వివరించండి.

నవ్వొచ్చింది. ఈ మనిషి నాకు తెలుసు.
నంబరు నాలుగొందల పదహారు, హైంబోడి.
టాక్సీకి చిల్లర లేని రోజు కుయిసెబ్‌మండ్ నుంచి నడిచొస్తాడు.
కూతురికి ఉబ్బసం. మంచు పట్టిన రాత్రి
పిల్ల కూర్చునే నిద్రపోవాలి,
దాని వీపు వెనక గోడలా అతను కూర్చోవాలి.
ఏడుంబావుకి వచ్చిన మనిషిని
ఆరూ యాభై తొమ్మిది అని ఎన్నిసార్లు రాశానో
ఆ పదకొండులో లేవు.

అయినా జవాబు పత్రం మీద చెయ్యి తొణక్కుండా నడిచింది:
నోటిమాటగా ఒక హెచ్చరిక.
రాతపూర్వకంగా ఇంకొకటి.
తుది హెచ్చరిక, సాక్షి సంతకంతో.
యూనియన్ మనిషి పక్కనుండగా విచారణ.
ఆపైన తొలగింపు. అప్పీలుకి గడువు.
స్కేలు పెట్టి కింద గీతలు కూడా కొట్టాను.

పేపరు జూలైలో తిరిగొచ్చింది,
ఎడారి గాలి తలుపు సందుల్లో ఇసుక పోసిన వారం.
పదిహేనుకి పదమూడు. క్లాసులో అదే ఎక్కువ.
అంచున ఎర్రసిరాలో మేడమ్ వంకర అక్షరాలు:
"అన్నిటికంటే ముందు, ఎందుకు ఆలస్యమైందని
అతన్నే అడగాలి కదా. రెండు మార్కులు తగ్గించాను."

వాదిద్దామని బయల్దేరాను.
కారణం నాకు తెలుసు మేడమ్, అందుకే అడగలేదు,
అని మెట్ల దాకా వల్లించుకుంటూ పోయాను.
మెట్ల మీద గుర్తొచ్చింది.
ఉబ్బసం సంగతి నాకు చెప్పింది హైంబోడి కాదు,
క్యాంటీన్‌లో ఎవరో.
వీపు వెనక గోడ నేనల్లుకున్నది.
నాలుగేళ్లుగా అతని నోట
నేను విన్నవి మూడంటే మూడు అంకెలు.

మర్నాడు ఏడూ ఇరవైకి వచ్చాడు, టోపీ నిండా ఇసుక.
రాత్రి మంచు లేదు. చుక్కలు కూడా కనిపించాయి.
కలం ఆరు అంకె దగ్గర ఆగింది.
అద్దం పక్కకి జరిపాను.
రిజిస్టరు మీద ఇసుక రాలింది.
"నాలుగు..." అని మొదలుపెట్టాడు, అలవాటుగా.
"అది కాదు" అన్నాను.